పెంపుడు నేస్తం: పూడుల్ సంకరజాతి చిన్న కుక్కలు మన ఇళ్లకు సరిపోతాయా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేము హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగేళ్లు. మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు. అమెరికాలో మా ఆడపడుచు ఇంట్లో కావపూ అనే కుక్కను చూసి వచ్చినప్పటి నుంచి పిల్లలు అలాంటిదే కావాలంటున్నారు. ఇక్కడ ఒకాయన తన దగ్గర ‘టీకప్ మాల్టిపూ’ పిల్ల ఉందని, ఎంత పెరిగినా రెండు కిలోలు దాటదని చెబుతున్నాడు. వీటి స్వభావం ఎలా ఉంటుంది? నిజంగా అంత చిన్నగానే ఉండిపోతాయా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ ‘టీకప్’ పిల్లను మాత్రం తీసుకోవద్దు. ఎందుకో చెబుతాను.

పూడుల్ ఒకే జాతి అయినా ఎత్తును బట్టి అందులో రకాలున్నాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ కొలత ప్రకారం భుజం దగ్గర 10 అంగుళాలు మించనిది టాయ్, 10 నుంచి 15 అంగుళాల వరకు ఉన్నది మినియేచర్, అంతకు మించినది స్టాండర్డ్. పూడుల్‌ను మాల్టీస్‌తో కలిపితే మాల్టిపూ, కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌తో కలిపితే కావపూ, కాకర్ స్పానియల్‌తో కలిపితే కాకపూ అవుతుంది. మాల్టీస్ మూడు కిలోలకు అటూఇటూగా, కావలియర్ ఆరు నుంచి ఎనిమిది కిలోల దాకా తూగుతాయి కాబట్టి, పూడుల్ వైపు టాయ్ ఉందా, మినియేచర్ ఉందా అన్నదాన్ని బట్టి పిల్ల బరువు ఎంతో మారిపోతుంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో ఒకటి మూడు కిలోల దగ్గర ఆగిపోవచ్చు, దాని తోబుట్టువు ఆరు కిలోలకు చేరవచ్చు. అందుకే పేరు విని పరిమాణం అంచనా వేయకండి. తల్లిని తప్పక చూడండి, వీలైతే తండ్రినీ చూడండి. చిన్న కుక్కల్లో నాలుగు నెలలకు వచ్చిన బరువు, పెద్దయ్యాక ఉండబోయే బరువులో ఇంచుమించు సగం ఉంటుంది. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నమ్మదగిన అంచనా అదే.

‘టీకప్’ అన్న రకాన్ని పేరున్న ఏ కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు. ఈతలో అన్నిటికన్నా బలహీనంగా పుట్టిన వాటినే ఏరి జత కట్టించడం వల్లనో, పిల్లకు కడుపునిండా తిండి పెట్టకపోవడం వల్లనో, నెలన్నర పిల్లను మూడు నెలలదని చెప్పడం వల్లనో ఆ చిన్నతనం వస్తుంది. అలాంటి పిల్లలకు ఒక పూట తిండి తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛలు రావచ్చు.

మీ బాబు గురించి చదివినప్పుడు నాకు ఈ మధ్యే మా క్లినిక్‌కు వచ్చిన ఒక మాల్టిపూ గుర్తుకొచ్చింది. అయిదు నెలలది, రెండు కిలోలు కూడా లేదు. సోఫాలో కూర్చున్న పిల్లవాడి ఒళ్లోంచి కిందికి దూకింది, అంతే. ఎక్స్‌రేలో చూస్తే ముందుకాలి ఎముకలు రెండూ విరిగి ఉన్నాయి. ఆ ఎముక పెన్సిల్ కన్నా సన్నం. ప్లేటు వేసి, దాదాపు రెండు నెలలు బోనులోనే కదలకుండా ఉంచాల్సి వచ్చింది. ఆ పిల్లవాడు, వాడికి అయిదేళ్లుంటాయేమో, టేబుల్ అంచు పట్టుకుని “నేను పడెయ్యలేదు డాక్టర్” అని పదేపదే చెప్పాడు. వాడు చెప్పింది నిజమే. అంత చిన్న కుక్కను అంత చిన్న పిల్లల చేతికి ఇవ్వడమే పెద్దలు చేసిన పొరపాటు. పిల్లలున్న ఇంటికి కుక్క ఎంత చిన్నదైతే అంత క్షేమం అన్న నమ్మకం తప్పు. మీ ఇంటికి ఆరు నుంచి ఎనిమిది కిలోల దాకా పెరిగే పిల్ల మేలు.

ఇక స్వభావం. పూడుల్‌ను ఒళ్లో కూర్చునే కుక్క అనుకుంటాం కానీ, అది వేటలో నీటిలోకి దూకి, పడిన పక్షులను తెచ్చిచ్చే కుక్క. దాని పేరు కూడా నీళ్లలో చప్పుడు చేయడం అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి వచ్చిందే. ఆ చురుకుదనం, తెలివి చిన్న రకాల్లోనూ అలాగే ఉన్నాయి. కావలియర్ స్వతహాగా మెత్తనిది, మనుషులను అంటిపెట్టుకుని ఉంటుంది. కాకర్‌కు వాసన పట్టుకుని పరుగెత్తే గుణం ఎక్కువ. సంకరంలో పిల్లకు ఎవరి పోలిక వస్తుందో ముందుగా చెప్పలేం. చాలావరకు ఇవి స్నేహంగా ఉంటాయి, చెప్పింది త్వరగా నేర్చుకుంటాయి. అయితే రోజుకు రెండుసార్లు నడక, కాసేపు ఆట, ఏదో ఒక పని లేకపోతే ఆ తెలివంతా లిఫ్టు చప్పుడుకూ కాలింగ్ బెల్‌కూ మొరగడంలో ఖర్చవుతుంది. మనిషిని వదిలి ఉండలేకపోవడం వీటిలో నేను తరచుగా చూసే ఇబ్బంది. అత్తగారు ఇంట్లో ఉంటారు కదా అని ఊరుకోకుండా, తెచ్చిన మొదటి వారం నుంచే అయిదు నిమిషాలు, పది నిమిషాలు ఒంటరిగా ఉండడం అలవాటు చేయండి. పెద్దావిడ కాళ్లకు అడ్డం పడకుండా మెడకు చిన్న గంట కట్టండి, అది ఎటు ఉందో ఆవిడకు తెలుస్తుంది.

సంకరజాతి కాబట్టి జబ్బులు రావన్న మాట కూడా నమ్మకండి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2024లో కాకపూ, కావపూ, లాబ్రడూడుల్ (లాబ్రడార్, పూడుల్‌ల సంకరం)లను వాటి మూలజాతులతో పోల్చి చూస్తే, చాలా జబ్బుల విషయంలో తేడా ఏమీ కనిపించలేదు. కావలియర్‌లో గుండె కవాటం జబ్బు, టాయ్ పూడుల్‌లో మోకాలిచిప్ప జారడం ఎక్కువ కాబట్టి, తల్లిదండ్రులకు ఆ పరీక్షలు చేయించారా అని అడగండి. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం కుక్కల పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నమోదు పత్రం, తల్లి కుక్క, ఈ రెండూ చూపించని మనిషి దగ్గర కొనవద్దు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. వేసవిలో అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు. అమ్మకు ఉబ్బసం ఉంది. జుట్టు రాలదు కాబట్టి కావపూతో ఎలర్జీ రాదని పెంపకందారు అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: నమ్మవద్దు. ఎలర్జీ తెప్పించేది జుట్టు కాదు. కుక్క లాలాజలంలోనూ చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉండే ప్రోటీన్లు తెప్పిస్తాయి. నెదర్లాండ్స్‌లో 2012లో వెలువడిన పరిశోధనలో, ఎలర్జీ రాదని పేరుపడ్డ జాతుల జుట్టులో ఆ ప్రోటీన్ మిగతా జాతుల కన్నా తక్కువ లేకపోగా ఎక్కువే కనిపించింది. జుట్టు తక్కువ రాలితే ఇల్లు శుభ్రం చేసుకోవడం తేలికవుతుందే తప్ప ఉబ్బసానికి అది రక్షణ కాదు. కుక్కను తెచ్చే ముందే అమ్మగారి వైద్యుడి సలహా తీసుకోండి. ఇప్పటికే తెచ్చి ఉంటే ఆవిడ పడకగదిలోకి దాన్ని మొదటి రోజు నుంచే రానివ్వకండి.

ప్రశ్న: మా షిపూకు (షిట్జు, పూడుల్‌ల సంకరం) పది నెలలు. రోజూ దువ్వుతున్నా జుట్టు అట్టకట్టిందని గ్రూమర్ మొత్తం గొరిగేశారు. మా తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు రోజూ దువ్వారు కానీ పైపైన దువ్వారు. రాలిన వెంట్రుక నేల మీద పడకుండా ఉంగరాల్లో చిక్కుకుని, చర్మం దగ్గర కంబళిలా బిగుసుకుంటుంది, పైకి మాత్రం మెత్తగానే కనిపిస్తుంది. ఎనిమిది నెలల నుంచి ఏడాది లోపు పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వచ్చే కాలంలో ఇది మరీ ఎక్కువ. జుట్టును పాయలుగా విడదీసి, మొదలు నుంచి చివరి దాకా స్టీలు దువ్వెనతో దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద మొదట చూడండి. చిక్కులు తీయకుండా స్నానం చేయించకండి, తడిస్తే అవి ఇంకా బిగుస్తాయి. ఆరేడు వారాలకొకసారి కత్తిరింపు అవసరం. మీ ఊరి ఎండలకు అర అంగుళం ఉంచితే చాలు, పూర్తిగా గొరిగితే చర్మం కాలుతుంది. దువ్వుతున్నప్పుడే వేళ్ల సందుల్లో, చెవుల లోపల పిడుదులున్నాయేమో చూడండి. దువ్వెన చర్మాన్ని తాకుతూ ఎక్కడా ఆగకుండా జారిపోతే ఆ రోజుకు పని అయినట్టే.