నీళ్ల ఎపిసోడ్ ఎందుకు వదిలేశావు?

నాయనా,

'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా' టీవీ సీరియల్‌ను, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ రూల్స్‌తో, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ ఆడే ఆటగా మార్చి పంపావు కదా. ఆ ఫైలు చివర, మీరు గుంతకల్లులో ఆడిన ఆట గురించి రాసుకున్న నోట్సు చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ '33' ఆడించావు. సైలాన్లంటే మనిషి రూపంలోనూ తిరిగే యంత్రాలు. వాళ్ల దాడిలో మిగిలినవాళ్లు గలాక్టికా అనే యుద్ధనౌక వెంట అంతరిక్ష ఓడల్లో పారిపోతుంటారు. ఒలింపిక్ క్యారియర్ అనే ప్రయాణికుల ఓడ వెనకబడిపోయి ఆలస్యంగా వచ్చి కలిసింది. అందులో 1,345 మంది. ఆ ఓడ ద్వారానే సైలాన్లు జాడ తీస్తున్నారేమోనని అనుమానం. దాంట్లో అణ్వాయుధం ఉన్నట్టు సిగ్నల్ కూడా వస్తోంది. కాల్చమని ప్రెసిడెంట్ ఆర్డర్ ఇచ్చింది. పైలట్‌గా ఆడుతున్న మీ చెల్లెలు అప్పుడు అడిగిన మాట: "అన్నా, ఆ ఓడకు హిట్ పాయింట్లు ఎన్ని?" అంటే ఎంత దెబ్బకు కూలుతుందని.

నువ్వు 300 అన్నావు. ఆమె పాచిక వేసింది. అంతటితో నోట్సు అయిపోయింది.

ఆ పిల్లను నేనేమీ అనను. నువ్వు ఆమె చేతికిచ్చిన షీట్‌లో అడగడానికి ఇంకేముంది? కవచం ఎంత, దెబ్బ ఎంత, పాయింట్లు ఎన్ని. ఆ మూడు గళ్లున్న కాగితం ముందు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ ఓడ కిటికీల వెనక ఎవరైనా ఉన్నారా అని తోచదు. ఆ ఎపిసోడ్‌లో పైలట్లు వెతికింది ఆ కిటికీల్లోనే.

ఓడల జాబితా శ్రద్ధగా చేశావు. నీ తెలుగు బాగుంది. పుస్తకంగా వేస్తే ఎవరైనా కొంటారా, పేర్లు మార్చాలా అని అడిగావు. వాటి సంగతి తర్వాత.

ఒక సీరియల్‌ను ఆటగా మార్చాలని కూర్చున్నప్పుడు ముందు చూడాల్సింది ఒక్కటే: ఆ మనుషులు ఏది అయిపోతోందని భయపడుతున్నారు? రూల్ దాన్ని కొలవాలి. గలాక్టికాలో అయిపోతున్నది నిద్ర, నీళ్లు, జనం. ఐదు రోజులకు పైగా కన్ను మూయకుండా, 33 నిమిషాలకొకసారి సైలాన్లు వచ్చి పడుతుంటే 237 సార్లు జంప్ చేశారు, అంటే ఓడలన్నీ ఒక్క క్షణంలో ఇంకో చోటికి దూకాయి. ప్రెసిడెంట్ దగ్గర తెల్లబోర్డు మీద బతికున్నవాళ్ల లెక్క. ఎపిసోడ్ మొదట్లో 50,298. చివరికి వచ్చేసరికి 47,972. అప్పుడు ఒక బిడ్డ పుట్టిందని కబురొస్తే చెరిపి 47,973 అని రాస్తుంది. నీ ఫైలులో ఆ బోర్డు ఎక్కడా లేదు. గలాక్టికా కమాండర్ అడామా మాత్రం ఇరవయ్యో లెవెల్ ఫైటర్ అయ్యాడు. లెవెల్ పెరిగే కొద్దీ మనిషి గట్టిపడే ఆట అది. ఈ సీరియల్‌లో రోజులు గడిచే కొద్దీ అందరూ అరిగిపోతారు.

ట్రావెలర్ అనే ఆట ఉంది, 1977 నాటిది. ఇప్పటి ఎడిషన్లలో రెండు మామూలు పాచికలు వేసి 8 గానీ ఆపైన గానీ తెచ్చుకోవాలి. 36 రకాల్లో 15 సార్లు గెలుస్తావు. మొత్తంలోంచి ఒకటి కోస్తే ఆ 15 కాస్తా 10 అవుతుంది, రెండు కోస్తే 6, మూడు కోస్తే 3. నువ్వు వాడిన ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి కోస్తే పోయేది ఎప్పుడూ ఇరవయ్యో వంతే, ఆటగాడికి తెలియను కూడా తెలియదు. అలసట మనిషిని కుంగదీసే తీరు ఆ రెండు పాచికల్లో ఉంది. ఫోన్‌లో 33 నిమిషాలకు అలారం పెట్టు. మోగినప్పుడల్లా అందరి షీట్ మీద ఒక గీత. గీతకు ఒకటి కోత. ఎవరైనా పడుకుంటానంటే ఒక గీత చెరిపెయ్యి, కానీ మళ్లీ అలారం మోగేదాకా వాళ్ల డ్యూటీ దగ్గర మనిషి ఉండడు. ఇలా ఒక సాయంత్రం ఆడించి చూడు.

అందరూ ఐదో ఎడిషనే ఆడుతున్నారు కాబట్టి అందులో రాశానన్నావు. ఈ మాట నేను ఇంతకుముందూ విన్నాను. 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ వచ్చి, దాని రూల్స్ ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్స్ ఇచ్చాక, కనపడిన ప్రతి కథనూ ఇరవై ముఖాల పాచిక మీదికి ఎక్కించారు. 2003లో బాబిలాన్ 5 అలాగే వచ్చింది, స్టార్‌గేట్ అలాగే వచ్చింది. ఏ లోకమైతేనేం, లోపల అదే చట్రం. అమ్ముడుపోతుందని చేసిన పని అది. దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కథల్లో నాకూ ఇదే జరిగింది. కుర్రతనంలో ఒక అంతరిక్ష నౌక కథ రాశాను. అందులో కెప్టెన్ రోజూ పొద్దున మనిషికో చెంబు చొప్పున నీళ్లు కొలిచి పోస్తాడు. ఒకరోజు ఒక చెంబు తక్కువ పడుతుంది. అంతే కథ. ఒక వారపత్రిక ఎడిటర్ పిలిపించి, అనంతపురం వాడివి, నీకు రాకెట్లెందుకు, దీన్ని ఉరవకొండ పక్క పల్లెకు మార్చి మధ్యలో ఒక బాంబు వేయించు, వచ్చేవారమే అచ్చేస్తానన్నాడు. సీమ నుంచి కథ వస్తే అందులో కరువుండాలి, ఫ్యాక్షన్ ఉండాలి, లేకపోతే వాళ్లకు అది సీమ కథే కాదు. కాగితాలు తీసుకుని బస్సెక్కాను. ఆ కథ అచ్చు కాలేదు. ఆయన చెప్పినట్టు మార్చనందుకు ఈ రోజుకీ బాధ లేదు.

ఆ చెంబు నాకు మా అమ్మ దగ్గర దొరికింది. మా వీధి బోరింగు ఎండిపోయిన ఏడాది ట్యాంకర్ వచ్చేది, ఇంటికి నాలుగు బిందెలు. వంటింటి గోడ మీద అమ్మ బొగ్గుతో గీతలు గీసేది, బిందె వంచిన ప్రతిసారీ ఒకటి. చుట్టాలొస్తే ముందు గోడ వైపు చూసి, ఆ తర్వాత కూర్చోమనేది.

అందుకే నీ మీద కోపం వచ్చింది. '33' తర్వాత వచ్చే ఎపిసోడ్ పేరే 'వాటర్'. గలాక్టికా నీళ్ల ట్యాంకులు పేలిపోతాయి. మిగతా ఓడలకు నీళ్లు అందేదీ వాటి నుంచే. నువ్వు దాన్ని, ఇందులో ఫైటింగ్ లేదు అని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే జిల్లాలో పుట్టినవాడివి! తుంగభద్ర ఎగువ కాలువ హెచ్చెల్సీలో నీళ్లు ఎప్పుడు వదులుతారా అని పేపరు చూసే ఇళ్ల మధ్య పెరిగినవాడివి. ఆ ఎపిసోడ్ నీకంటే బాగా ఎవరు ఆడించగలరు? ఏ ఓడకు ఎన్ని నీళ్లో ఆటగాళ్ల చేతే పంచించు. ఎవరికి తగ్గించారో వాళ్ల పేరు చెప్పి మరీ తగ్గించమను.

2008లో గలాక్టికా మీద ఒక బోర్డ్ గేమ్ వచ్చింది. దాన్ని తయారుచేసినాయన నాలుగే చక్రాలు పెట్టాడు: ఇంధనం, తిండి, ధైర్యం, జనాభా. ఏది సున్నాకు వచ్చినా మనుషులు ఓడిపోయినట్టే. సైలాన్ ఎవరో దాచేది ఎలా అని అడిగావు కదా, దానికీ జవాబు అందులోనే ఉంది. ఆట మొదట్లో ఒకసారి, సగంలో ఇంకోసారి రహస్యంగా కార్డులు పంచుతారు. అప్పటిదాకా మనిషిగా ఆడినవాళ్లకు సగంలో తెలుస్తుంది తాము సైలాన్లమని. 'వాటర్'లో బూమర్ అనే పైలట్ పరిస్థితి అదే. ట్యాంకులు పేల్చింది తనేనేమో ఆమెకే తెలియదు. ఒక గ్రహం మీద నీళ్లు కనపడినా నోరు పెగలక పెనుగులాడుతుంది.

ఆ రెండో పంపకాన్ని ట్యాంకులు పేలిన వెంటనే పెట్టు. కార్డులు కొనక్కర్లేదు, చీటీలు చాలు. సైలాన్ చీటీ వచ్చినవాళ్లు ఆట ముగిసేదాకా బయటపడకూడదని ముందే చెప్పు. ఆడించాక ఎవరు ఏం మాట్లాడారో ఉన్నదున్నట్టు రాసి పంపు, ఈసారి ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి. స్క్రీన్ మీద అంతసేపు చదవడానికి నా కళ్లు సహకరించడం లేదు.

అనంతపురం నుంచి
ఆశీస్సులతో