ఏ ఊరని అడిగితే

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న షాలోం చెప్పి రాస్తున్న లేఖ.

నీకు ముంబైలో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మన బెనె ఎఫ్రాయిం తెలుగు యూదుల పిల్లవాడు కొత్తరెడ్డిపాలెం నుంచి అంత పెద్ద చదువుకు వెళ్తున్నాడన్న గర్వం ఒకటి, శనివారపు షబ్బాత్ విశ్రాంతి నాడు ఒంటరిగా ఎలా ఉంటాడోనన్న బెంగ ఒకటి.

హాస్టల్ మెస్సులో కూరగాయల భోజనమే తిను. శనివారం పరీక్షలు పడకుండా మొదటి వారంలోనే శాఖాధిపతికి అర్జీ పెట్టుకో. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చే మన పండుగల తేదీలు కూడా అందులోనే రాయి.

అక్కడి యూదుల సమాజమందిరానికి ముందుగా ఫోన్ చేయకుండా, గుర్తింపు కార్డు లేకుండా వెళ్ళవద్దు. 2008 నవంబరులో కొలాబాలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్ మీద దాడి జరిగింది కనుక కాపలావాళ్ళు కొత్త ముఖాన్ని ఆపుతారు, ఆపాలి కూడా. ఫోర్టులో 1884లో కట్టిన నీలిరంగు మందిరం చూడముచ్చటగా ఉంటుంది గాని, నువ్వు మొదట 1796 నాటి శార్ హరహమీంకు వెళ్ళు. అది కొంకణ యూదులైన బెనె ఇజ్రాయెల్‌వారిది. కొంకణ తీరంలో గానుగ ఆడించి బతుకుతూ శనివారం మాత్రం గానుగ ఆపేసినందుకు ఊరివారి చేత ‘శనివారపు తేలీలు’ అనిపించుకున్నవారు వారు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

మన ఊళ్ళో మందిరం కట్టుకున్నది 1991లో. ఆ తరువాత మూడేళ్ళకు రైల్వే పరీక్ష రాయడానికి బొంబాయి వెళ్ళి, శుక్రవారం పొద్దుగూకే వేళకు ఒక మందిరం గుమ్మంలో నిలబడ్డాను. తెల్లటి టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఎదురొచ్చి ఏ ఊరని హిందీలో అడిగారు. మాదిగపల్లె నుంచి వచ్చానని, చెప్పులు కుట్టిన తాతకు మనుమడినని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పూర్వం నుంచి యూదులున్న కొచ్చి అన్నాను. ఆయన ముఖం విప్పారింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి, పుస్తకంలో పుట తీసి ఇచ్చి, సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది యూదు మగవాళ్ళు నాతో పూర్తయ్యారని అందరికీ వినిపించేలా చెప్పారు. అప్పటిదాకా వారు తొమ్మిదిమందే. వారిలో ఒకతను తల్లిని పోగొట్టుకుని ఇంకా ఏడాది తిరగనివాడు. పదోవాడు దొరికాడు కాబట్టి ఆ సాయంత్రం లేచి నిలబడి తల్లి కోసం కద్దీష్ ప్రార్థన చెప్పుకున్నాడు. ఆ తరువాత ఎండుద్రాక్ష రసం గిన్నె చేతులు మారుతూ నా దాకా వచ్చింది. కొచ్చిలో ఎవరి ఇంటివాడివని పెద్దాయన ప్రేమగా అడిగారు. గిన్నె పక్కవారికి అందించి, గాలి కోసమన్నట్టు బయటికి వచ్చి, వెనక్కి చూడకుండా స్టేషనుకు నడిచాను.

నిజం చెప్పి ఉంటే వారు నన్ను లెక్కలో కలిపేవారు కాదేమో. అది నన్ను బాధించదు. నా మాట నమ్మి ఒక కొడుకు తల్లి కోసం ప్రార్థన చెప్పుకున్నాడు, అదే ఇన్నేళ్ళుగా నన్ను పొడుస్తున్నది.

అందుకని నువ్వు గుమ్మంలోనే చెప్పు: గుంటూరు జిల్లా, తెలుగువాణ్ణి, బెనె ఎఫ్రాయిం. పదిమందిలో కలపలేమంటే కోపం తెచ్చుకోక వెనుక బల్ల మీద కూర్చుని ప్రార్థించు. బెనె ఇజ్రాయెల్‌వారికి కూడా ఈ ప్రశ్న కొత్త కాదు; 1964లో ఇజ్రాయెల్ ప్రభుత్వం అన్ని విధాలా యూదులేనని ప్రకటించేదాకా వారినీ అనుమానించారు. ఏలీయా ప్రవక్త పేరున వారు పంచే మలీదా పెడితే కాదనకు. అటుకులు, కొబ్బరి, చక్కెర, పళ్ళు; అచ్చం మన ఇంటి రుచే.

తాత గురించి తలవంచుకుంటే మాత్రం నేను ఊరుకోను. ఏమీ అనుకోకు నాయనా, భయం కొద్దీ అంటున్నాను.

మీ పెద్దమ్మ కిలో నల్ల ఎండుద్రాక్ష కట్టి ఇస్తున్నది. గురువారం రాత్రి గుప్పెడు నానబెట్టి, మరునాడు మధ్యాహ్నం చేత్తో పిసికి గుడ్డలో వడగట్టు. వెలుగుండగానే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఆ రసం మీద షబ్బాత్ దీవెన కిద్దూష్ చెప్పుకుందాం.

మీ పెదనాన్న