దివ్య ‘వద్దు’కు కారణం కావాలా?

ప్రశ్న: మొన్న ఆదివారం మా అమ్మాయితో కూర్చుని మణిరత్నం ‘మౌనరాగం’ మళ్లీ చూశాను. కాలేజీ రోజుల్లో తెలుగు డబ్బింగ్‌లో చూసి వెక్కివెక్కి ఏడ్చిన సినిమా. ఇష్టం లేని పెళ్లి చేసుకున్న దివ్య, పెళ్లికి ముందు ఆమె ప్రేమించి పోగొట్టుకున్న మనోహర్, ఇదీ కథ. ఈసారి మా అమ్మాయి ఒక మాట అడిగింది, నాకు జవాబు తోచలేదు. ‘దివ్యకి మనోహర్ కథ ఒకటుంది కాబట్టి మనం జాలిపడుతున్నాం, అదే లేకుండా ఊరికే ఇష్టం లేదంటే ఈ పిల్లకి పొగరు అనుకునేవాళ్లం కదమ్మా?’ అని. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మాయి అసలు చోటే పట్టుకుందండీ. మణిరత్నం దీన్ని మొదట ‘దివ్య’ పేరుతో చిన్న కథగా రాసుకున్నారు, ముక్కూమొహం తెలియని మగవాడితో ఒక అమ్మాయి మొదటి రాత్రి గురించి. అందులో మనోహర్ లేడు! కార్తీక్ వేసిన ఆ పాత్ర తర్వాత వచ్చి చేరింది. అంటే రాసినాయన దృష్టిలో ఆమె ‘వద్దు’కి చనిపోయిన ప్రేమికుడు అక్కర్లేదు, తనకి ఇష్టం లేకపోవడమే చాలు.

సినిమాలోనూ ఆ కథ ఆనవాళ్లు ఉన్నాయి. పెళ్లయిన రాత్రి గదిలోకి పంపబోతున్న తల్లిని దివ్య నిలదీస్తుంది చూడండి, రెండు రోజుల క్రితం ఇదే మనిషితో నన్ను ఇలాగే పంపేదానివా అని. ఆ ప్రశ్నలో మనోహర్ ఊసే లేదు. తల్లి దగ్గర జవాబూ లేదు. 1986లో, అదీ దివ్యగా వేసిన రేవతి నోట, ఆ మాట విన్న ఎంతమంది ఆడవాళ్లకి గుండె ఝల్లుమని ఉంటుందో.

మనోహర్ ఎపిసోడ్ నాకూ ప్రాణమే. కాఫీ షాపులో ఆమె తండ్రిని ‘మిస్టర్ చంద్రమౌళి’ అని పిలిచే అల్లరి, రిజిస్టర్ పెళ్లి రోజున ఆమె కళ్లెదుటే పోలీసు తూటాకి కూలిపోవడం, ఎవరు మర్చిపోతారు? కానీ దానివల్ల మనం ఆమె బాధకి ఒక కారణం దొరికిందని స్థిమితపడతాం, అక్కడే మీ అమ్మాయి మనల్ని పట్టేసింది.

దివ్య భర్తగా మోహన్ వేసిన చంద్రకుమార్‌ని చూడండి. ఢిల్లీ వెళ్లిన కొత్తలో ఏం కావాలో అడుగు, కొనిపెడతానంటే విడాకులు కావాలంటుంది. అతను కాలి పట్టీలూ కొంటాడు, ఆమె అడిగిన కాగితాలూ తెస్తాడు, ఆమె కాగితాలే తీసుకుంటుంది. నువ్వు ముట్టుకుంటే గొంగళిపురుగు పాకినట్టుంటుంది అని మొహం మీదే అన్న అమ్మాయికి ఆ కాగితాలు తెచ్చివ్వడం మామూలు విషయం కాదు. అయితే పెళ్లయిన ఏడాది లోపు విడాకుల పిటిషన్ వేయడం మామూలుగా కుదరదు, హిందూ వివాహ చట్టం అలా ఉంది. అలా ఇద్దరూ ఒకే ఇంట్లో ఆగాల్సొస్తుంది, మిగతా కథంతా ఆ ఆగడంలోనే నడుస్తుంది. వెళ్లిపోయే దారి తెరిచే ఉందని తెలిశాకే దివ్య అతని వైపు చూడగలిగిందని నా నమ్మకం. అందుకే తర్వాత ఆమె ఆ పట్టీలు పెట్టుకుంటే లొంగిపోయినట్టు అనిపించదు, తనంతట తాను తీసుకున్నట్టుంటుంది.

మీ అమ్మాయి మాట నిజమే, మనోహర్ లేకపోతే అప్పట్లో చాలామంది పొగరనే అనేవాళ్లు. ఇప్పుడూ అంటారు. ఆ మాట ఆమె అడగగలిగినందుకు మీరు సంతోషపడండి.

ప్రశ్న: తమిళంలో మోహన్ గొంతు అంత మెత్తగా ఉంటుందా?
– మరో పాఠకుడు

జవాబు: అది గాయకుడు సురేందర్ గొంతండీ. మోహన్‌కి చాలా తమిళ సినిమాల్లో ఆయనే డబ్బింగ్ చెప్పారు. ‘మండ్రం వంద’ పాట మాత్రం మన బాలుగారిది, తెలుగులో ‘మల్లెపూల చల్లగాలి’ అని విన్నది ఇదే. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి, ముఖ్యంగా పల్లవికి ముందు ఇళయరాజా వేసిన ఆ బీట్ కోసం.