జట్టు ఓడిన రాత్రి ఇల్లంతా మౌనమే

ప్రశ్న: మాది గుంటూరు. పన్నెండేళ్లుగా సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటున్నాం. మావారికి ఇక్కడి బేస్‌బాల్ జట్టు మ్యారినర్స్ అంటే ప్రాణం. మొన్నటి దీపావళి రాత్రి నాలుగు కుటుంబాలు భోజనానికి వచ్చి ఉండగా, జట్టు ఓడిపోయిందని ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు పండగపూట ఈ ఏడుపు ముఖమేమిటని నొచ్చుకున్నారు. తొమ్మిదేళ్ల మా బాబు కూడా ఆయనతో పాటే ఏడ్చాడు. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. మార్చి ఆఖరున సీజన్ మళ్లీ మొదలవుతుంది. ఇది పిచ్చి కాదా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, పిచ్చి అనే మాటను ముందుగా పక్కన పెడదాం. 2025 అక్టోబరు 20న టొరంటోలో జరిగినది మీవారి లెక్కలో మామూలు ఓటమి కాదు. 1977లో మొదలైన మ్యారినర్స్ ఇంతవరకు ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్, ముఖం చూడలేదు. ఆ లీగ్‌లోని ముప్పై జట్లలో ఆ లోటు ఉన్నది దానికొక్కదానికే. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా అక్కడిదాకా వెళ్లలేకపోయింది. ఆ తరువాత 2022 వరకు ప్లేఆఫ్స్‌లోనే, అంటే సీజన్ చివర మేటి జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీల్లోనే, చోటు దొరకలేదు. అంటే మీరు ఆ ఊరికి వచ్చిన తొలి ఏళ్లన్నీ ఆయన ఫలితం ఆశించకుండానే ఆ జట్టును ప్రేమించారు. అలాంటి మనిషి, వరల్డ్ సిరీస్‌కు చేర్చే పోటీలో చివరిదైన ఏడో మ్యాచ్‌లో, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఆటలో ఏడో ఇన్నింగ్స్‌లో, 3-1 ఆధిక్యంతో, ఇంకో ఎనిమిది మందిని ఔట్ చేస్తే చాలనుకుంటున్న క్షణంలో టొరంటో ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ బంతిని మైదానం దాటించి కొట్టిన హోమ్ రన్‌కు మూడు పరుగులు పోవడం చూశారు. చివరికి టొరంటో 4-3తో గెలిచింది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్‌లో మనవాళ్లు ఓడిన రాత్రి మా ఇంట్లోనూ వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది కనుక, ఈ విషయంలో ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

అయితే ఆ దుఃఖం నిజమైనదే అయినా, అతిథుల ముందు తలుపు మూసుకోవడానికి, తరువాతి మూడు రోజుల మౌనానికి అది సమర్థన కాదు. ఇక్కడ బేస్‌బాల్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. దాదాపు రోజూ ఒక ఆట. తమ డివిజన్‌లో మొదటి స్థానం సాధించిన 2025లోనే మ్యారినర్స్ 90 గెలిచి 72 ఓడింది. ఇంటి వాతావరణాన్ని జట్టు ఫలితానికి ముడిపెడితే, బాగా ఆడిన సంవత్సరంలో కూడా మీ ఇంట్లో 72 సాయంత్రాలు చెడిపోయినట్టే. ఈ లెక్క ఆయనకు మీకంటే బాగా తెలుసు. దెప్పిపొడుపుగా కాకుండా, ఆట లేని ఏ ఆదివారం మధ్యాహ్నమో నెమ్మదిగా దీన్ని ఆయన ముందు పెట్టండి. ఓడిన తరువాత అరగంట సేపు ఒంటరిగా నడిచి రావడం ఆయన హక్కనీ, ఆ తరువాత భోజనానికి కూర్చుని మాట్లాడటం మాత్రం తప్పదనీ స్పష్టంగా అడగండి. "ఎప్పుడూ ఆటేనా" అంటే ఆయనకు వినిపించేది నింద మాత్రమే.

బాబు ఏడవడం గురించి నేను పెద్దగా కంగారుపడను. ఓటమికి ఏడవడం తొమ్మిదేళ్ల పిల్లవాడికి సహజం. ఓడిన తరువాత మనుషులతో ఎలా మెలగాలో మాత్రం వాడు తండ్రిని చూసే నేర్చుకుంటాడు. ఈ ఒక్క మాట మీవారిని కదిలిస్తుందని నా నమ్మకం. పది రోజుల ముందు, అక్టోబరు 10న, డెట్రాయిట్‌పై 15 ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్ గెలిచిన రాత్రి ఆ ఇద్దరూ ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. బహుశా వాడు పెద్దయ్యాక నాన్న గురించి చెప్పుకునే జ్ఞాపకం అదే అవుతుంది. మీ ఉత్తరంలో ఆ సంతోషం ఊసే లేదు. ఏప్రిల్‌లో ఒక్కసారి వాళ్లతో మైదానానికి వెళ్లి చూడండి. నచ్చకపోతే మళ్లీ వెళ్లనక్కర్లేదు.

ఒక విషయం మాత్రం తప్పక గమనించాలి. ఆటలు లేని ఈ చలికాలంలో కూడా ఆయన ముభావంగానే ఉన్నారా? నిద్ర, తిండి తగ్గాయా? ఉద్యోగంలో ఏదైనా ఒత్తిడి ఉందా? మ్యాచ్‌ల మీద డబ్బు పందెం కాస్తున్నారా? వీటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా, అది బేస్‌బాల్ సమస్య కాదు. ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణో, దగ్గరలోని కౌన్సిలర్‌నో ఇద్దరూ కలిసి కలవండి.

మ్యాచ్‌ల పట్టిక నెలల ముందే వస్తుంది. దాన్నీ, పంచాంగాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. 2026లో దీపావళి నవంబరు 8న వస్తుంది; అప్పటికి సీజన్ పూర్తిగా ముగిసిపోతుంది కనుక ఇబ్బంది లేదు. దసరా మాత్రం అక్టోబరు మూడో వారంలో, సరిగ్గా ప్లేఆఫ్స్ నడుమ పడుతోంది. ఆ రోజు ఇంటికి ఎవరిని పిలవాలో, టీవీ ఏ గదిలో ఉండాలో ఇప్పుడే మాట్లాడుకోండి.