ఎన్‌.డి.ఎ.లో చేరబోతున్న మా అబ్బాయికి కాలి నొప్పి, పరుగు ఆపించాలా?

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. మా అబ్బాయికి 18 ఏళ్లు. ఎన్‌.డి.ఎ. (సైనికాధికారులకు శిక్షణనిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) తుది జాబితాలో పేరొచ్చింది, మెడికల్ కూడా అయిపోయింది. జూలైలో పుణె దగ్గర ఖడక్‌వాస్లా వెళ్లి చేరాలి. ఇంకా పది వారాలుంది. అక్కడ వెనకబడకూడదని రోజూ తెల్లవారుజామున తారురోడ్డు మీద 10 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాడు. రెండు వారాలుగా మోకాలి కింద ముందెముక నొప్పి అంటున్నాడు. మందుల షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుని, అవి వేసుకుని మరీ పరుగెత్తుతున్నాడు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, ప్రకాశం జిల్లా)

జవాబు: మెట్టప్రాంతపు పల్లె నుంచి అంత పోటీని దాటుకుని వెళ్తున్న మీ అబ్బాయికి ముందుగా నా అభినందనలు. ఈ రోజు నుంచే పరుగు ఆపించండి, నొప్పి బిళ్లలు మాన్పించండి, ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించండి. మిగిలినవన్నీ దీని తర్వాతి మాటలు.

పరుగు మొదలుపెట్టిన నాలుగైదు వారాలకే ఆయాసం తగ్గుతుంది, పిక్కలు గట్టిపడతాయి, కుర్రవాడికి ఇంకా పరుగెత్తగలననే ధైర్యం వస్తుంది. ఎముక అంత త్వరగా సిద్ధం కాదు. అలవాటు లేని బరువు పడినప్పుడు ఎముక ముందుగా తనలోని పాత భాగాన్ని కరిగించుకుని, ఆ తర్వాతే అక్కడ కొత్త ఎముకను పేర్చుకుంటుంది. కరగడం వారాల్లో జరిగిపోతుంది గానీ, కొత్తది పేరుకుని గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఈ నడిమి కాలంలోనే, ఊపిరి సహకరిస్తోంది కదా అని దూరం పెంచుకుంటూ పోయిన యువకులకు కాలి ఎముకలో సన్నని బీట పడుతుంది. సైనిక శిక్షణలో కొత్తగా చేరినవారిలో తరచుగా కనిపించే గాయాల్లో ఇదొకటి. మీ అబ్బాయి దాన్ని ఇంటి దగ్గరే తెచ్చుకుంటున్నాడేమోనన్నది నా భయం.

మీ బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందికి నొక్కుతూ రండి. జానెడు మేర అంతా సలుపుగా ఉంటే, ఎముకను అంటిపెట్టుకుని ఉండే పొర, కండరాలు ఒత్తిడికి గురయ్యాయని అనుకోవచ్చు. అది సాధారణంగా కొన్ని వారాల విశ్రాంతితో తగ్గుతుంది. అలా కాక, వేలుపెట్టి చూపించగలిగిన ఒక్కచోటే నొక్కగానే ఓర్చుకోలేని నొప్పి ఉన్నా, పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా ఎముకలో బీట ఉందేమోనని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో బీట కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని చెప్పినా నొప్పి అలాగే ఉంటే ఒంగోలులోనో నెల్లూరులోనో ఎమ్మారై తీయించండి. బీటేనని తేలితే చాలామందిలో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది, ఎముక ముందు అంచున వచ్చినదైతే మరీ మొండిది. అలా తేలినప్పుడు ఆ సంగతి అకాడమీకి దాచకుండా తెలియజేయాలి.

విశ్రాంతి అంటే మంచానికి పరిమితం కావడం కాదు. డాక్టరు ఒప్పుకుంటే, నొప్పి రానంత వరకు సైకిలు తొక్కవచ్చు, దండీలు తీయవచ్చు, తాడు పట్టుకుని ఎక్కడం సాధన చేయవచ్చు. ఈత రాకపోతే ఇప్పుడే నేర్చుకోవడం మేలు, కానీ ఈత తెలిసిన పెద్దవాళ్లు లేకుండా బావిలోకి, చెరువులోకి దిగనివ్వకండి. అరగంట వేగంగా నడిచినా నొప్పి లేదన్నాకే మళ్లీ పరుగు మొదలుపెట్టాలి: మట్టినేల మీద, రోజు విడిచి రోజు, కాసేపు నడక కాసేపు పరుగుగా, వారానికి దూరంలో పదో వంతు చొప్పున పెంచుకుంటూ. కొత్తపట్నం బీచ్‌లోని వదులు ఇసుక మెత్తగా ఉంటుందని అక్కడికి తీసుకువెళ్తారేమో, అది పిక్కలకూ, పిక్కను మడమకు కలిపే స్నాయువుకూ అదనపు భారం.

నొప్పి బిళ్లల గురించి నాకు మరీ ఆందోళనగా ఉంది. అవి ఆగమని చెప్పే నొప్పిని కప్పేస్తాయి, పైగా ఈ ఎండల్లో చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే మూత్రపిండాలను దెబ్బతీయగలవు. మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మీ ప్రాంతం కాబట్టి నీళ్ల గురించి కూడా అడగాలి. దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సమస్య కొత్తది కాదు. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి అధికంగా తాగితే ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుబారుతుంది. పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, నీళ్లు పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

తిండి తగ్గించి పరుగెత్తే పిల్లల ఎముకలు త్వరగా దెబ్బతింటాయి. రాగి సంగటి, పప్పు, రోజూ రెండు మూడు గుడ్లు, పాలు, పెరుగు, దొరికినప్పుడు చేపలు కడుపునిండా పెట్టండి. హిమోగ్లోబిన్, విటమిన్ డి పరీక్షలు చేయించండి, పరీక్ష లేకుండా డి ఇంజెక్షన్లు వద్దు. జిమ్‌లో ఎవరైనా కండలకని ఇచ్చే పొడులు, సూదులు అసలే వద్దు.

ఖడక్‌వాస్లాలో శిక్షణ మూడేళ్లు, ఆరు టర్ములు. చేరిన మొదటి రోజునే అందరికంటే ముందు పరుగెత్తాలని అక్కడెవరూ ఆశించరు. జూలైలో అక్కడ వానలు ఉంటాయి కాబట్టి తడిసిన సాక్సులు మార్చుకోవడం, వేళ్ల సందులు తుడుచుకోవడం ఇప్పుడే అలవాటు చేయండి. వెనకబడిపోతామన్న భయంతో నొప్పిని దాచుకోవడం అక్కడికి వెళ్లాక మరింత ప్రమాదం కనుక, నొప్పి పుట్టిన రోజే చెప్పాలని ఈ జవాబును మీ అబ్బాయి చేతికే ఇచ్చి చదివించండి.

డాక్టరుకు చూపించాక ఆయన చెప్పినది, తీసిన ఎక్స్‌రే వివరాలు రాసి పంపండి. పరుగు ఏ వారం నుంచి మొదలుపెట్టవచ్చో అప్పుడు చెప్పగలను.