మాట ఏదైతేనేం, వేలిముద్ర ఎక్కడ వేశారు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్నగారు 2022 జూలైలో పోయారు. అమ్మ అంతకు ముందే పోయింది. వీలునామా లేదు. నాన్న స్వార్జితం ఒక డాబా ఇల్లు, రెండెకరాల మాగాణి. పిల్లలం నేనూ, తమ్ముడూ. కరెంటు మీటరు, పాసు పుస్తకం పేరు మార్చాలంటూ 2023 నవంబరులో తమ్ముడు ఇంగ్లీషు కాగితాల మీద నా చేత సంతకాలు పెట్టించుకున్నాడు. ఇప్పుడు పొలం బేరానికి పెట్టాడు. నా వాటా అడిగితే, ‘ఎప్పుడో వదులుకున్నావుగా అక్కా’ అంటున్నాడు. డిగ్రీ చదివే మా అమ్మాయి ఆ కాగితం చదివింది. నా హక్కును ‘రిలింక్విష్, రిలీజ్, సరెండర్, వేవ్, రినౌన్స్’ చేస్తున్నానని అందులో ఉందట. రిలింక్విష్ అంటే మనసొప్పక వదులుకోవడమనీ, సరెండర్ అంటే బలవంతానికి లొంగడమనీ నిఘంటువులో ఉందంది. ఆ మాటలే నన్ను బలవంతపెట్టారనడానికి రుజువు కావా? పసుపు కుంకుమల కింద మూడు లక్షలు ముట్టినట్టు కూడా రాశారు. రూపాయి ఇవ్వలేదు. మా ఊళ్లో దస్తావేజులు రాసే ఆయన రద్దు పత్రం రాసి రిజిస్టరు చేయిస్తానంటున్నారు. చేయించనా?

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలుంది. ఇక్కడ కుదించాం. తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన సంగతి, వాడి కాలేజీ ఫీజుకు మీ గాజులు తాకట్టు పెట్టిన సంగతి అన్నీ చదివాను. కోర్టుకు వాటితో పని లేదు. నాలుగో పేజీ అడుగున మీరు పొడిపొడిగా రాసి వదిలేసిన వాక్యం ఒకటుంది: “మూడు రోజుల తర్వాత టౌనులో ఏదో ఆఫీసుకు తీసుకెళ్లి, మిషను మీద వేలు పెట్టించి ఫొటో తీశారు, సంతకం మీదేనా అంటే అవునన్నాను.” అమ్మా, ఆ ‘ఏదో ఆఫీసు’ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అయి ఉండాలి. మీ కేసంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఆ కాగితం స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ ముద్రతో ఆగిపోయి ఉంటే నా జవాబు నాలుగు లైన్లలో అయిపోయేది. వంద రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తిలో హక్కును వదులుకునే పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు చేయించి తీరాలి. చేయించకపోతే 49వ సెక్షన్ అడ్డొస్తుంది, హక్కు పోయిందనడానికి ఆ కాగితం సాక్ష్యంగా పనికిరాదు. సగం వాటాకు భాగపంపిణీ దావా వేసుకోమని చెప్పేవాణ్ని. మీ విషయంలో వేలిముద్ర, ఫొటో, ‘అవును’ అన్న మాట, మూడూ రికార్డులో ఉంటాయి.

ఇక ఆ ఐదు మాటల సంగతి. మీ అమ్మాయి శ్రద్ధ మెచ్చుకోవలసిందే. నిఘంటువులో ఆ ఛాయలు ఉన్న మాటా నిజమే. కానీ దస్తావేజు రాసినవాడు మీ మనసులో బాధను కొలిచి ఆ మాటలు ఎంచుకోలేదు. ఒక మాట జారిపోతే ఇంకోటి పట్టుకుంటుందని ఉన్నవన్నీ గుదిగుచ్చడం ఇంగ్లీషు దస్తావేజులకు పాత అలవాటు. నా చేతి కింద జూనియర్లు కూడా ఇదే చేస్తారు, ఎంత చెప్పినా మానరు.

చట్టంలో ఈ మాటలకు వేరే ఇళ్లున్నాయి. సరెండర్ ఇల్లు లీజు. అద్దెదారు గడువు తీరకముందే సొంతదారుకు అప్పగిస్తే అది సరెండర్, ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్‌లో ఉంటుంది. ఎల్‌ఐసీ పాలసీ సరెండర్ చేసినవాళ్లను, ఉద్యోగంలో లీవులు సరెండర్ చేసినవాళ్లను ఎవరూ మెడ మీద కత్తి పెట్టి బలవంతం చేయలేదు కదా. వేవ్ అంటే ఉన్న హక్కును తెలిసీ పట్టుబట్టకపోవడం. బ్యాంకు అపరాధ వడ్డీ మాఫీ చేసినట్టు. ‘తెలిసీ’ అన్నది అందులో కీలకం. రినౌన్స్ అంటే తనంతట తాను ప్రకటించి త్యజించడం, పౌరసత్వ చట్టం 8వ సెక్షన్‌లో కనిపిస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు భారత పౌరసత్వాన్ని రినౌన్స్ చేశామంటుంటారు. నిజానికి 9వ సెక్షన్ కింద అది దానంతటదే పోతుంది, వాళ్లు సరెండర్ చేసేది పాస్‌పోర్టును. ఇక రిలీజ్, రిలింక్విష్ అన్నవి మన దగ్గర ‘హక్కు విడుదల’. ఒక ఉమ్మడి హక్కుదారు తన వాటాను ఇంకో ఉమ్మడి హక్కుదారుకు వదిలేయడం. మీ కాగితంలో పనిచేసేది ఇదే, తక్కినవి తాళింపు గింజలు.

అయితే ఒకటి చూడండి. దస్తావేజు తమ్ముడి పేరున ఉందా, మరదలి పేరున ఉందా? మరదలికి ఆ ఆస్తిలో ముందునుంచీ హక్కు లేదు కాబట్టి ఆమె పేరున వట్టి ‘విడుదల’ చెల్లదు. విడుదల అనేది ఉన్న హక్కుకు బలమిస్తుందే తప్ప లేని హక్కును పుట్టించదు. కానీ పైన రిలీజ్ అని శీర్షిక పెట్టినా, లోపల హక్కును బదిలీ చేసే మాటలూ ఉద్దేశమూ స్పష్టంగా ఉంటే దాన్ని క్రయంగానో దానంగానో చదవవచ్చని కుప్పుస్వామి చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు చూసి సంబరపడకూడదు, పేరు చూసి బెంబేలు పడకూడదు.

డబ్బు ఇవ్వలేదన్నారు. అదొక్కటే మిమ్మల్ని గెలిపించదు. ప్రతిఫలం లేకుండా కూడా హక్కు వదులుకోవచ్చు. కాకపోతే మూడు లక్షలు ముట్టాయని అబద్ధం రాశారంటే మోసానికి అదొక ఆనవాలు. 2023 నవంబరు చుట్టుపక్కల ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఉంచండి.

మీకున్న అసలు బలం మరొకటి: మీటరు, పాసు పుస్తకం మార్పు కోసమని చెప్పి సంతకం తీసుకోవడం. 1968లో నింగవ్వ కేసులో సుప్రీంకోర్టు ఇక్కడే గీత గీసింది. కాగితం స్వభావం గురించే మోసం చేస్తే, అంటే ఒకటని చెప్పి ఇంకోదాని మీద సంతకం పెట్టిస్తే, ఆ పత్రం మొదటినుంచీ చెల్లదు. స్వభావం తెలిసి, లోపలి వివరాల్లో మాత్రమే మోసపోతే, మోసపోయినవారు రద్దు చేయించుకునేదాకా అది చెల్లుతూనే ఉంటుంది. మీరు మొదటి కోవలోకి వస్తారని వాదించవచ్చు. ఆ ధీమాతో కూర్చోకూడదు. రాసిచ్చిన మనిషి మీరే కాబట్టి రద్దు కోరి తీరాలి. కోర్టు ఫీజు తగ్గుతుందని ఎవరైనా వట్టి భాగపంపిణీ దావా వేద్దామంటే ఒప్పుకోకండి.

రద్దుకు గడువు మూడేళ్లు, లిమిటేషన్ చట్టం 59వ ఆర్టికల్. మోసం తెలిసిన నాటినుంచి లెక్క. మీకు ఎప్పుడు తెలిసింది? 2024 సంక్రాంతికి తమ్ముడు జిరాక్సు చేతికిచ్చాడని మీరే రాశారు. చూడకుండా బీరువాలో పట్టుచీరల కింద పెట్టారట! ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లను పెట్టుకుని, ఆస్తి కాగితాన్ని అన్నాళ్లు చీరల కింద దాచడం ఏం జాగ్రత్తమ్మా? మోసం తెలిసిన రోజే కాదు, కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండే రోజు కూడా లెక్కలోకి వస్తుందని అదే లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ అంటోంది. అవతలి లాయరు ఇంకా ముందుకు లాగి, రిజిస్ట్రేషన్ రోజునే తెలుసంటాడు. అలా లెక్కేసినా మూడేళ్లు 2026 నవంబరుతో తీరతాయి. మీరు ఆ తేదీకి లోపల దావా పడేలా చూసుకోండి. సంక్రాంతి లెక్కను చేతిలో వాదనగా ఉంచుకోండి, దాన్ని నమ్ముకుని ఆగకండి. లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఒక్కరోజు కూడా ఆగదు.

రద్దు పత్రం రాయిస్తానన్న పెద్దమనిషి దగ్గరికి మాత్రం వెళ్లకండి. రిజిస్టరయిన పత్రాన్ని ఒక పక్షమే ఆఫీసుకెళ్లి రద్దు చేసుకోవడం కుదరదు. రెండు పక్షాలూ సంతకం చేయాలి, లేదా కోర్టు డిక్రీ కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ఏకపక్ష రద్దులు ఎక్కువై రిజిస్ట్రేషన్ నియమాల్లో 26వ నియమాన్ని సవరించాల్సి వచ్చింది. ఒక పక్షమే చేసిన రద్దుకు విలువ లేదని 2010లో తోట గంగాలక్ష్మి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. ఎక్కడో కళ్లుగప్పి రిజిస్టరు చేయించారనుకోండి, ఇంకా ప్రమాదం. ‘ఫలానా తేదీన నేను రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజును’ అని మీ సంతకంతో మీరే ఒప్పుకున్నట్టవుతుంది. అంతవరకు కాగితం స్వభావమే తెలియదన్న మీ వాదన అక్కడితో సరి. తమ్ముడి లాయరు దాన్నే మొదటి సాక్ష్యంగా దాఖలు చేస్తాడు.

ఇప్పుడు చేయవలసింది: ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయండి, ఆ దస్తావేజు నంబరుతో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. సాక్షులెవరో, ప్రతిఫలం ఏమని రాశారో, వెనక సబ్ రిజిస్ట్రారు రాసిన ఎండార్స్‌మెంటులో ఏముందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత సివిల్ కోర్టులో దస్తావేజు రద్దు, సగం వాటాకు భాగపంపిణీ, పొలం అమ్మకుండా తాత్కాలిక నిషేధం, మూడూ ఒకే దావాలో కోరండి. హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద తండ్రి స్వార్జితంలో మీ ఇద్దరికీ సమాన వాటా. దావా పడ్డాక ఎవరు కొన్నా తీర్పుకు కట్టుబడాలి. పడకముందే, సంగతి తెలియక డబ్బిచ్చి కొన్న మనిషి ఉంటే అతణ్ని కదపడం కష్టం. పొలం బేరంలో ఉందన్నారు కాబట్టి నవంబరుదాకా కాదు, ఈ నెలలోనే కదలాలి.

ఖర్చుకు జడవకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. గుంటూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. తమ్ముడు దారికొస్తే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం. ఇంట్లో తెల్లకాగితం మీద మాత్రం ఏమీ రాసుకోకండి.

మీటరు మార్చాలి, వచ్చి సంతకం పెట్టక్కా అంటూ తమ్ముడు వాట్సాప్‌లో వాయిస్ పంపాడని చివరి పేజీలో రాశారు. ఆరు పేజీల్లో సాక్ష్యమంటూ ఉంటే అదే. ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరిస్తూ కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయాలి. ఆ ఫోన్ అల్లుడికి ఇచ్చేద్దామనుకుంటున్నారట, ఇవ్వకండి. మార్చకండి, రిపేరుకు కూడా పంపకండి.