బెరడు మీద పసుపు పొడి: ఈ లైకెన్ పేరేమిటి?

ప్రశ్న: న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, ఫియోర్డ్‌లాండ్ ప్రాంతంలోని బీచ్ చెట్ల అడవిలో నడుస్తుంటే చెట్టు బెరడును ఆకుల్లా అంటిపెట్టుకున్న లైకెన్ (శిలీంధ్రమూ, శైవలం లాంటి తోడూ కలిసి బతికే జీవి) కనిపించింది. పైన గోధుమరంగు, అంచుల్లో పసుప్పచ్చని పొడి. ఫొటోలు పంపుతున్నాను. ఇది స్టిక్టా ప్రజాతి లైకెనేనా?

జవాబు: స్టిక్టా కాదండీ. పైనుంచి తీసిన ఫొటోలు అందంగా ఉన్నాయి గానీ, విషయం తేల్చింది మాత్రం ఓ అంచు పైకి లేచి అడుగుభాగం కనబడుతున్న ఫొటో. ఈ అడవుల్లో ఆకులాంటి లైకెన్ గురించి ఎవరడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: అడుగు చూశారా?

అడుగున లేత గోధుమరంగు నూగు, ఆ నూగు మధ్య చుక్కలు. లోపలికి గాలి ఆడే దారులవి. స్టిక్టాకైతే అవి చుట్టూ గట్టున్న గుండ్రటి గుంటల్లా ఉంటాయి. మీ దానికి గట్టు లేదు. పొర చిట్లి లోపలి పదార్థం పైకి తేలినట్టు, ఆవగింజలో సగం కూడా లేని పసుపు మచ్చలు. అంటే ఇది సూడోసైఫెల్లేరియా ప్రజాతి.

ఈ ప్రజాతిలో ఒక్క న్యూజిలాండ్‌లోనే 40కి పైగా జాతులున్నాయి. లైకెన్ల శాస్త్రవేత్త డేవిడ్ గాలవే 1988లో వాటన్నిటినీ వివరంగా వర్ణించారు. చుక్కలు పసుపు అనగానే తెల్లచుక్కలవన్నీ పక్కకు పోతాయి. ఇక చూడాల్సింది చిరిగిన అంచు. మీ ఫొటోలో లోపలి పొర తెల్లగా ఉంది. పసుపు చుక్కలుండే మరో జాతి ఆరాటాకైతే అక్కడా పసుపే. పైగా వానకు తడిసిన చోట ఆకుపచ్చగా మారకుండా నీలం కలిసిన బూడిదరంగుకు తిరిగింది. అంటే లోపల శిలీంధ్రానికి తోడున్నది ఆకుపచ్చ శైవలం కాదు, నాస్టాక్ అనే సయనోబాక్టీరియా. గాలిలోని నత్రజనిని పట్టి అడవికి అందించేది అదే. అందుకే ఈ లైకెన్లంటే నాకంత మక్కువ.

ఇవన్నీ కలిపితే సూడోసైఫెల్లేరియా క్రొకేటా. లిన్నేయస్ 1771లో పేరు పెట్టిన జాతి. అయితే ఆ ఒక్క పేరు కింద చాలా జాతులున్నాయని ఈమధ్య డీఎన్ఏ పరిశీలనల్లో తేలింది. కాబట్టి ఫొటో చూసి ‘క్రొకేటా బృందం’ అనడమే న్యాయం.

నమూనా కోసం బెరడు నుంచి పీకకండి. అక్కడి సంరక్షిత అడవుల్లో సేకరణకు అనుమతి ఉండాలి. గాలికి రాలిన కొమ్మల మీద ఇవి తరచూ దొరుకుతాయి. అక్కడే తిరగేసి, భూతద్దంతో చూసి, పొడిగా ఒకటి, నీళ్లు చిలకరించాక ఒకటి ఫొటో తీయండి.